ట్యాంకు మాట ముల్లుకు తెలిసేదెట్లా?

మన సంఘంలోని కుటుంబాలలో లారీతో ఏదో ఒక విధంగా సంబంధం లేని ఇల్లు తక్కువే. ఒకరి వాకిట్లో లారీ నిలుస్తుంది, ఇంకొకరి ఇంట్లో డ్రైవరు ఉంటాడు, మరొకరిది విడిభాగాల అంగడి, వేరొకరిది బాడీ కట్టే షెడ్డు. ఏ సంబంధమూ లేనివారికి సైతం లారీల మీద వచ్చే సరుకు తప్పదు గదా! అందుచేత ఈ నెల ముచ్చట లారీ మీటరు బోర్డులో ఒక మూల ఉండే డీజిలు ముల్లును గురించి.

ముల్లు చిన్నదే. కాని దాని మాట నమ్మి యజమాని నమ్మకస్థుడైన డ్రైవరును దొంగ అనుకోవచ్చు. దాని మాట నమ్మి డ్రైవరు అర్ధరాత్రి ఊరు లేని చోట ఎండిపోయిన ట్యాంకుతో చిక్కుకోవచ్చు. ఈ రెండు కష్టాలకూ మూలం చాలాసార్లు ఒకటే. ట్యాంకులో ఉండే యూనిట్టూ, బోర్డులో ఉండే గేజీ ఒకదానికొకటి సరిపడకపోవడమే ఆ మూలం. ఈ సంగతి యజమానికీ తెలియాలి, డ్రైవరుకూ తెలియాలి. తెలిస్తే కొన్ని కాపురాలు నిలుస్తాయి అంటే అతిశయోక్తి కాదు.

మన సీమలో ఈ చిక్కు ఎక్కువగా రావడానికి కారణం ఉన్నది. ఇక్కడ చాలా లారీలు కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే చివరిదాకా ఉండవు. చాసీ కొనుక్కొని వచ్చి బాడీ వేరేచోట కట్టించడం మన దేశంలో మొదటినుంచీ ఉన్న అలవాటు. సండూరు కొండల ఖనిజం మోసిన టిప్పరు కొన్నేళ్లకు నీళ్ల ట్యాంకరు అవుతుంది, మిరపకాయల మూటలు మోసే లారీ అవుతుంది. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను నిలిపివేసింది. 2013 ఏప్రిల్‌లో కొన్ని గనులకు షరతులతో మళ్లీ అనుమతి వచ్చింది. ఆ నడిమి కాలంలో ఖనిజాన్నే నమ్ముకొన్న లారీలు ఊరి బయట వరుసగా నిలిచిపోవడం మనవాళ్లు మరచిపోలేదు. అట్లాంటి బండ్లు చేతులు మారాయి, వేషాలు మారాయి. వేషం మారినప్పుడు ట్యాంకు మారుతుంది. ఒకప్పుడు ట్యాంకు పాతదే ఉండి మీటరు బోర్డు మారుతుంది. పాత ఇనుము బజారులో ఏది దొరికితే అది బిగిస్తారు. బోల్టులు సరిపోతాయి, తీగ సరిపోతుంది, ముల్లు కూడా కదులుతుంది. ముల్లు కదిలింది గనుక పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

మొదట ఇది పనిచేసే తీరు చూద్దాం. ట్యాంకులో ఒక తేలే బుడ్డి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఫ్లోటు అంటారు. డీజిలు పెరిగితే అది లేస్తుంది, తగ్గితే దిగుతుంది. దానికి ఒక సన్నని కడ్డీ చెయ్యి ఉంటుంది. ఆ చేతి మొదట ఒక చిన్న నాలుక, నిరోధపు పట్టీ మీద అటూ ఇటూ రాసుకుంటూ తిరుగుతుంది. నాలుక ఉన్న చోటును బట్టి విద్యుత్తుకు అడ్డంకి ఎక్కువో తక్కువో అవుతుంది. ఈ మొత్తం సరంజామాకే ట్యాంకు యూనిట్టు అని పేరు. అడ్డంకిని కొలిచే లెక్కకు ఓము అని పేరు. జర్మనీ దేశపు జార్జి ఓమ్ అనే ఆయన 1827లో ప్రకటించిన సూత్రం వల్ల ఆ పేరు వచ్చింది. బోర్డులోని గేజి చేసే పని ఒక్కటే. తనకు వచ్చిన ఓముల లెక్కను బట్టి ముల్లును నిలబెడుతుంది. ట్యాంకులో డీజిలు ఉన్నదా, నీళ్లు ఉన్నాయా, అసలు ట్యాంకే లేదా అన్నది దానికి తెలియదు.

మరి ఎన్ని ఓములంటే ఖాళీ, ఎన్ని ఓములంటే నిండు? ప్రపంచమంతటికీ ఒకే లెక్క ఉంటే ఈ వ్యాసమే అవసరం లేకపోయేది. యూరోపులో వీడీఓ వారి పద్ధతి ఒకటి ఉన్నది. అందులో ఖాళీ అంటే సుమారు 10 ఓములు, నిండు అంటే 180. అమెరికాలో స్టువర్ట్ వార్నర్ వారి పద్ధతి దీనికి తలకిందులు. ఖాళీకి 240, నిండుకు 33. జనరల్ మోటార్స్ బండ్లలో 1960ల నడుమ నుంచి చాలాకాలం ఖాళీకి సున్న, నిండుకు 90. పాత ఫోర్డు బండ్లలో ఖాళీకి 73, నిండుకు 10 దరిదాపు. పాత అమెరికా పికప్పులను ముచ్చటపడి బాగుచేయించుకొనే మన పిల్లలు అక్కడ పడే అవస్థా ఇదే, ఇక్కడ మన షెడ్లలో పడే అవస్థా ఇదే.

ఒక్క సంగతి గమనించండి. 10 ఓములు అంటే వీడీఓ యూనిట్టు భాషలో ట్యాంకు ఖాళీ. అదే 10 పాత ఫోర్డు గేజి భాషలో ట్యాంకు నిండు. బళ్ళారి వాళ్లకు ఇది వింత కాదు. ఊట అంటే మనకు చెలమలో ఊరే నీరు, పక్కింటి కన్నడిగులకు భోజనం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరి, బళ్ళారి మైసూరులో కలిసినప్పటి నుంచీ మనం రెండు భాషల మధ్యే కాపురం చేస్తున్నాం. ఇంట్లో ఒకటి, కచేరీలో ఒకటి. మాట ఒకటే వినిపించినంత మాత్రాన అర్థం ఒకటే అనుకోకూడదని మన పసిపిల్లలకు సైతం తెలుసు. ట్యాంకు యూనిట్టుకూ గేజికీ నడుమ కూడా ఆ జాగ్రత్తే కావాలి.

తలకిందుల జోడీ అయితే తొందరగా పట్టుబడుతుంది. ట్యాంకు నింపితే ముల్లు కిందికి పోతుంది గనుక ఎవరికైనా తెలుస్తుంది. మోసం చేసేది ఒకే దిక్కుకు తిరుగుతూ లెక్క మాత్రం సరిపడని జోడీ. ఉదాహరణకు 10 నుంచి 180 దాకా పోయే యూనిట్టును, సున్న నుంచి 90 దాకా చదివే గేజికి కట్టారనుకోండి. సగం ట్యాంకుకే యూనిట్టు 95 ఓములు పంపుతుంది. గేజి దాన్ని పూర్తి నిండుగా చూపుతుంది. మిగిలిన పైసగమంతా ముల్లు నిండు దగ్గరే పడుకొని ఉంటుంది.

దీనికి కొందరు ఒక ఉపాయం చేస్తారు. 180 ఓముల నిరోధాన్ని యూనిట్టుకు పక్కవాటుగా, అంటే సమాంతరంగా కలుపుతారు. నిండులో 180కి 180 పక్కన చేరి 90 అవుతుంది. ముల్లు సరిగ్గా నిండు చూపుతుంది. ఖాళీలో తొమ్మిదిన్నర ఓములు వస్తుంది. ముల్లు ఖాళీకి కాస్త పైన నిలుస్తుంది. చూసినవారు భేష్ అంటారు. కాని నడుమ సంగతి లెక్క వేయండి. సగం ట్యాంకులో 95కు 180 పక్కన చేరితే 62 వస్తుంది. 90లో 62 అంటే సగం కాదు, మూడింట రెండు వంతులకు పైమాటే. 300 లీటర్ల ట్యాంకులో 150 లీటర్లు ఉండగా ముల్లు 200కు పైగా ఉన్నట్లు చూపుతుంది. పూర్తిగా ఎండిన ట్యాంకులో కూడా పదో వంతు, అంటే 30 లీటర్లు ఉన్నట్లు చూపుతుంది. ముల్లు పైన చాలాసేపు బద్ధకంగా కదిలి, సగం దాటాక పరుగెత్తుతుంది.

ఇప్పుడు ఆ ముల్లును చూస్తున్న యజమానిని తలచుకోండి. బళ్ళారి నుంచి పోయేటప్పుడు బండి బాగా మైలేజి ఇచ్చినట్లు కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే దారి, అదే బండి, ముల్లు మాత్రం దబదబ దిగిపోతుంది. "ఏమప్పా, పోయేటప్పుడు తాగని డీజిలు వచ్చేటప్పుడు తాగిందా?" అని అడుగుతాడు. "నేను ముట్టలేదన్నా" అంటాడు డ్రైవరు. ఎవరి మాట నిలుస్తుంది? ముల్లు మాటే నిలుస్తుంది. దానికి పెళ్లాం పిల్లలు లేరు, తాగుడు లేదు, అప్పులు లేవు. అది అబద్ధం ఎందుకు చెబుతుందని లోకం అనుకుంటుంది.

యూనిట్టూ గేజీ సరైన జోడీ అయినా ట్యాంకు ఆకారం మరొక చిక్కు పెడుతుంది. ఫ్లోటు కొలిచేది డీజిలు ఎత్తును. మనకు కావలసింది లీటర్లు. నాలుగు పలకల పెట్టె ట్యాంకులో ఎత్తూ లీటర్లూ కలిసి నడుస్తాయి. అడ్డంగా పడుకోబెట్టిన పీపా ఆకారపు ట్యాంకులో అట్లా నడవవు. 300 లీటర్ల పీపాలో పైనుంచి మొదటి పావు ఎత్తు దిగితే ఖర్చయ్యేది సుమారు 59 లీటర్లే. రెండవ పావు దిగితే 91 లీటర్లు. మూడవ పావుకు మళ్లీ 91, చివరి పావుకు 59. ముల్లు పావు దగ్గర ఉన్నదంటే 75 లీటర్లు మిగిలాయని అనుకుంటాం. నిజానికి ఉండేది 59. ఆ తేడా 16 లీటర్లు ఎవరూ దొంగిలించినవి కావు. అవి పీపా గుండ్రదనంలో పోయిన లీటర్లు.

చేతి కడ్డీ పొడవు కూడా చూసుకోవలసిందే. తిరిగే చేతి యూనిట్టు కీలు ట్యాంకు లోతుకు నడిమధ్యన ఉండాలి. చెయ్యి మొత్తం నలభై అయిదు డిగ్రీలు పైకీ, అంతే కిందికీ తిరిగే రకమైతే కడ్డీ పొడవు ట్యాంకు లోతులో పదింట ఏడు వంతులు ఉండాలి. 40 సెంటీమీటర్ల లోతుకు 28 సెంటీమీటర్ల కడ్డీ అన్నమాట. లోతైన ట్యాంకు నుంచి తీసిన పొడుగు చేతిని లోతు తక్కువ ట్యాంకులో పెడితే ఫ్లోటు అడుగుకు ముందే తగులుతుంది. అప్పుడు ముల్లు ఎప్పటికీ ఖాళీ చూపదు. ఇంకా కాస్త ఉన్నదన్న ధైర్యంతోనే డ్రైవరు బండి ఆపుకొంటాడు. పొట్టి చేతిని లోతైన ట్యాంకులో పెడితే చాలాదూరం నిండు చూపి, తరువాత చప్పున పడిపోయి, ఇంకా డీజిలు ఉండగానే ఖాళీ అంటుంది.

డీజిలు బండికి ట్యాంకు ఎండడం అంటే పెట్రోలు బండికి ఎండినట్లు కాదని ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ తెలుసుకోవాలి. లైనులో గాలి పడుతుంది. డబ్బాలో డీజిలు తెచ్చి పోసినా ఇంజను వెంటనే అందుకోదు. చేతి పంపు కొట్టి గాలి తీసే పని ఉంటుంది. రాత్రిపూట, బరువు బండితో, రోడ్డు పక్కన ఆ పని చేసేవాడి అవస్థ ఊహించుకోవచ్చు.

ఇక ఎర్తు సంగతి. చాలా పాత బండ్లలో యూనిట్టుకు ఒకే తీగ ఉంటుంది. తిరుగుదారి ట్యాంకు రేకు మీదుగా చాసీకి పోతుంది. బాడీ కట్టేచోట ట్యాంకుకు కొత్త రంగు పూస్తారు, పట్టీల కింద రబ్బరు వేస్తారు. చూపుకు బాగుంటుంది. కాని ఎర్తు తెగుతుంది, లేదా సగం సగం తగులుతుంది. అప్పుడు లేని ఓములు వచ్చి చేరుతాయి. 10 నుంచి 180 జోడీలో అదనపు ఓములంటే లేని డీజిలు ఉన్నట్లు చూపడం, కాబట్టి బండి దారిలో ఆగుతుంది. 240 నుంచి 33 జోడీలో అదే లోపం ఉన్న డీజిలును తక్కువ చేసి చూపుతుంది, కాబట్టి మనిషి మీద అనుమానం వస్తుంది. ఒకే తుప్పు ఒక బండిలో డ్రైవరును నడిరోడ్డున నిలబెడుతుంది, ఇంకొక బండిలో పంచాయితీలో నిలబెడుతుంది. మందు మాత్రం చవక. యూనిట్టు చట్రం నుంచి చాసీకి వేరే తీగ ఒకటి వేసి, రంగు గీకి, గట్టిగా బిగించాలి.

పరీక్ష చేసే వరస ఇది. ముందు తాళం తీసేసి, యూనిట్టు తీగ విప్పి, మల్టీమీటరును ఓముల మీద పెట్టి, యూనిట్టుకూ చాసీకీ నడుమ చూడాలి. తీగ విప్పకుండా చూస్తే గేజి లెక్క కూడా కలిసి తప్పు చూపుతుంది. ట్యాంకు బయట ఉన్నప్పుడే అయితే మరీ మంచిది. చేతిని అడుగుకు దించి ఒక లెక్క, నడుమ ఒకటి, పైకెత్తి ఒకటి రాసుకోవాలి. ముల్లు ఎగిరెగిరి పడుతున్నదంటే పట్టీ మీద ఒకచోట అరిగినట్లు. ఆపైన గేజి ఏ పద్ధతిదో చూడాలి. తాళం వేసి, తీగ విప్పి ఉంచినప్పుడు ముల్లు నిండు దాటి పోతే అది ఓములు పెరిగితే నిండు చూపే రకం. ఖాళీలోనే ఉంటే తలకిందుల రకం. తీగను చాసీకి ఒక్క క్షణం తాకిస్తే ముల్లు ఎదురు దిక్కుకు రావాలి. ఎక్కువసేపు తాకించి ఉంచకూడదు. పాత వేడి పట్టీ గేజీలు పాడవుతాయి. 12 వోల్టుల గేజిని 24 వోల్టుల బండికి కట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

జోడీ కుదరకపోతే ఉత్తమం ఏమిటంటే రెండింటిలో ఒకదాన్ని మార్చి ఒకే పద్ధతివి పెట్టడం. కొనేటప్పుడు "ఏ బండిది?" అని అడగడంతో సరిపెట్టుకోక, "ఖాళీకి ఎన్ని ఓములు, నిండుకు ఎన్ని?" అని అడగాలి. అంగడివాడు చెప్పలేకపోతే మీటరు పెట్టి అక్కడే చూసుకోవాలి. ఇప్పుడు రెండింటి నడుమ దుబాసీ పని చేసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా వస్తున్నాయి. ఖాళీ, సగం, నిండు ఏవో దానికి నేర్పితే, యూనిట్టు మాటను గేజి భాషలోకి మార్చి చెబుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బి.ఎస్.6 బండ్లలో మీటరు బోర్డులు కంప్యూటరుతో ముడిపడి ఉంటాయి. వాటిలో ఇష్టం వచ్చినట్లు నిరోధాలు కలపడం మంచిది కాదు.

అన్నిటికంటే నమ్మకమైనది పాత పద్ధతే. బండిని సమనేల మీద నిలిపి, ఖాళీ ట్యాంకులో 20 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ ముల్లు ఎక్కడ ఉన్నదో చీటీ మీద రాయాలి. ఆ చీటీని క్యాబిన్లో అంటించాలి. యజమానీ డ్రైవరూ ఇద్దరూ దగ్గరుండి చేస్తే మరీ మేలు. ఇద్దరూ కలిసి రాసిన లెక్కను తరువాత ఎవరూ కాదనలేరు. ఇది ఒక పూట పని. సమనేల అని ఎందుకన్నానంటే, సండూరు ఘాటులో బండి వాలి ఉన్నప్పుడు డీజిలు ఒకవైపుకు జరుగుతుంది, ముల్లు కూడా జరుగుతుంది. అక్కడి ముల్లును చూసి లెక్క కట్టరాదు.

డీజిలు ఖర్చు లెక్కకు ముల్లును అసలు వాడకూడదు. మూతిదాకా నింపి బయలుదేరి, తిరిగి వచ్చి మళ్లీ మూతిదాకా నింపితే, రెండవసారి పట్టిన లీటర్లే నిజమైన ఖర్చు. దాన్ని కిలోమీటర్లతో చూసుకోవాలి. అట్లా నాలుగైదు ట్రిప్పులు రాసిన పుస్తకం ఉంటే నిజంగా దొంగతనం జరిగితే అదీ పట్టుబడుతుంది, జరగకపోతే మనిషి పరువూ నిలుస్తుంది.

మరి రెండు హెచ్చరికలు. ట్యాంకులోకి చూడడానికి అగ్గిపుల్ల గీయకూడదు. ఖాళీ అయిపోయింది గదా అని పాత ట్యాంకుకు వెల్డింగు పెట్టించకూడదు. మిగిలిన ఆవిరి వల్ల ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. దాన్ని శుద్ధి చేయడం తెలిసినవారికే ఆ పని అప్పగించాలి. ఇక రెండవది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ వారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీలులేదు. అదనపు ట్యాంకు పెట్టదలచినవారు ముందుగా రవాణా ఆఫీసులో విచారించుకోవాలి.

డ్రైవరు ఉద్యోగం మన ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కు వస్తున్న చోట్లు ఉన్నాయి. ఒకచోట దొంగ అన్న పేరు పడితే ఆ మాట గుంతకల్లు దాకా, హోస్పేట దాకా పోతుంది. తరువాత ఆ మనిషికి బండి ఇచ్చేవారు ఉండరు. అతని బిడ్డ పెళ్లి మాటల్లో కూడా ఆ పేరు వినిపిస్తుంది. ఒక మల్టీమీటరు ఖరీదు డ్రైవరు ఒకనాటి బత్తెం కంటే మించదు. కనుక ముల్లు దిగిందని మనిషిని పిలిచి నిలదీసే ముందు, తీగ విప్పి ఓములు చూడండి. లెక్క సరిపోయిన తరువాత కూడా డీజిలు తగ్గితే, అప్పుడు అడగవచ్చు.

ఉంటాను.